క్యూబన్ సిగార్ రుచి చూడటం, నాణ్యత అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఖరీదైన క్యూబన్ సిగార్ చేతికొచ్చాక చాలామంది చూసేది దాని మీద ఉన్న పేరునే. దుబాయ్ నుంచి బావమరిది తెచ్చాడనో, ఆఫీసులో బాస్ ఇచ్చాడనో వెలిగించి, నాలుగు దమ్ములు గట్టిగా లాగి, తల పట్టుకుని కూర్చుంటారు. సిగార్ బాగుందో లేదో చెప్పాల్సింది దాని ఆకు, చుట్టిన తీరు, కాలిన తీరు. పేరు చూసి, ధర చూసి చెప్పేది అంచనా కాదు. ఆ మూడింటినీ ఎలా గమనించాలో అడిగేవాళ్ల కోసమే ఈ జవాబులు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకీ, పొగ అలవాటు లేనివాళ్లకీ ఇది కొత్తగా మొదలుపెట్టమని చెప్పే పేజీ కాదు.

క్యూబన్ సిగార్‌కి అంత పేరు ఎందుకు?

ముఖ్యంగా నేల వల్ల. క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో ప్రాంతం ఉంది. అందులో వుయెల్తా అబాహో అనే చోట, సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ ఊళ్ల చుట్టూ ఉన్న ఎర్రటి ఇసుక నేలల్లో పండే ఆకు ప్రపంచంలో మరోచోట అదే రుచితో రాలేదు. విత్తనం తీసుకెళ్లి నికరాగ్వాలో, డొమినికన్ రిపబ్లిక్‌లో వేశారు. మంచి సిగార్లే వచ్చాయి, కానీ ఆ రుచి వేరు. ఇంకో విషయం, మిగతా దేశాల సిగార్లలో రెండు మూడు దేశాల ఆకులు కలుపుతారు. క్యూబన్ సిగార్‌లో పై ఆకు నుంచి లోపలి ఆకు దాకా అంతా ఆ ఒక్క దీవిలో పండిందే.

అయితే చుట్టే పనితనంలో క్యూబానే అన్నిటికన్నా మేలు అనుకోకండి. ఒక పెట్టెలో ఇరవై ఐదు సిగార్లుంటే అన్నీ ఒకేలా కాలుతాయన్న హామీ లేదు. ఈ విషయంలో నికరాగ్వా సిగార్లు చాలాసార్లు నయం. క్యూబన్ గెలిచేది రుచిలో.

అమెరికాలో కూడా కొహీబా, మోంటెక్రిస్టో పేర్లున్న సిగార్లు దొరుకుతున్నాయి. అవి క్యూబావేనా?

కావు. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలను జాతీయం చేసింది. దేశం వదిలిపోయిన యజమాన్ల కుటుంబాలు కొన్ని పాత పేర్లతోనే బయట తయారీ మొదలుపెట్టాయి. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబా మీద వాణిజ్య నిషేధం పెట్టింది. ఆ సంతకానికి ముందు అధ్యక్షుడు కెనడీ తన ప్రెస్ సెక్రటరీ పియరీ శాలింజర్ చేత 1,200 చిన్న ఉప్‌మన్ సిగార్లు తెప్పించుకున్నాడని శాలింజరే తర్వాత చెప్పాడు. అప్పటినుంచి మోంటెక్రిస్టో, పార్తగాస్, రోమియో ఇ జూలియెటా లాంటి పేర్లకు రెండేసి జీవితాలు ఉన్నాయి: క్యూబాలో ఒకటి, బయట ఒకటి. పేరు మధ్యలో ఎర్ర చుక్క ఉండే కొహీబా డొమినికన్ రిపబ్లిక్‌ది. అది నకిలీ కాదు, కానీ క్యూబన్ కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మామూలు షాపులో కొన్నది క్యూబన్ అయ్యే అవకాశం లేదు.

మన పొగాకుకీ దానికీ తేడా ఏమిటి?

ప్రకాశం, నెల్లూరు వైపు మనం ఎక్కువగా చూసేది వర్జీనియా పొగాకు. ఆకును బ్యారన్‌లో, అంటే ఆరబెట్టే గదిలో కట్టి, వేడి గాలితో కొద్ది రోజుల్లోనే పసుపు, బంగారు రంగుకి తెస్తారు. ఆకులో తీపి నిలిచిపోతుంది. అది సిగరెట్‌కి పనికొచ్చే ఆకు. సిగార్ ఆకుకి నిప్పు వేడి తగలదు. తాటాకు పాకల్లాంటి పెద్ద ఇళ్లలో కర్రలకు వేలాడదీసి, దాదాపు రెండు నెలలు గాలికే ఆరనిస్తారు. తర్వాత కుప్పలుగా పేర్చి మాగబెడతారు. కుప్ప లోపల వేడి పుట్టి, ఆకులోని అమ్మోనియా, చేదు, కొంత నికోటిన్ పోతాయి. ఈ మాగబెట్టడం సరిగా జరగకపోతే సిగార్ ముక్కుకి ఘాటుగా, నాలుకకి మంటగా తగులుతుంది.

మన దగ్గర దీనికి దగ్గర చుట్టం గోదావరి లంక పొగాకు. వరద తెచ్చిన ఒండ్రు మీద పండిన ఆ ఆకుతో చుట్టిన చుట్ట తాగిన తాతలున్న ఇంట్లో పెరిగినవాళ్లకి సిగార్ వాసన పూర్తిగా కొత్తగా అనిపించదు.

సిగార్ లోపల ఏముంటుంది?

మూడు పొరలు. పైన కనిపించే నున్నటి ఆకు కాపా. దాని కింద అన్నిటినీ పట్టి ఉంచే ఆకు కపోతే. మధ్యలో ఉండేది త్రిపా. కాపా కోసం మొక్కల మీద పల్చటి బట్ట పందిరి వేసి నీడలో పెంచుతారు. ఎండ తక్కువ తగలడంతో ఆకు పల్చగా, పెద్దగా, ఈనెలు సన్నగా వస్తాయి. త్రిపా ఆకు ఎండలోనే పెరుగుతుంది.

రుచి అర్థం కావాలంటే త్రిపాని తెలుసుకోవాలి. మొక్క అడుగు ఆకులు వొలాదో: ఘాటు తక్కువ, బాగా కాలుతాయి. మధ్య ఆకులు సెకో: వాసన వీటిది. పైన ఎండను ఎక్కువ తాగిన మందపాటి ఆకులు లిహెరో: ఘాటు, నిమ్మదిగా కాలే గుణం. అందుకే లిహెరోని ఎప్పుడూ మధ్యలో పెడతారు. అది పక్కకి జరిగితే సిగార్ ఒకవైపే కాలుతుంది. కొన్ని మొక్కల చిట్టచివర మాత్రమే వచ్చే రెండు చిన్న ఆకులు మెదియో తియెంపో. 2010లో వచ్చిన కొహీబా బెహికే వరసలో ఈ ఆకు వాడతారు, దాని ధరకు ఒక కారణం ఇదే.

సైజుల లెక్క ఎలా చదవాలి?

పొడవు మిల్లీమీటర్లలో, లావు రింగ్ గేజ్‌లో చెబుతారు. ఒక రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు. రింగ్ 50 అంటే దాదాపు 20 మి.మీ. లావు. రోబుస్తో అంటే 124 మి.మీ., రింగ్ 50. పార్తగాస్ సెరీ డి నంబర్ 4, హోయో దె మోంటెరే ఎపిక్యూర్ నంబర్ 2 ఈ కొలతవే. మోంటెక్రిస్టో నంబర్ 4 చిన్నది: 129 మి.మీ., రింగ్ 42. మోంటెక్రిస్టో నంబర్ 2 తల, అంటే నోట్లో పెట్టుకునే వైపు, సన్నగా ఉండే పిరమిడ్: 156 మి.మీ., రింగ్ 52. రోమియో ఇ జూలియెటా చర్చిల్ 178 మి.మీ., రింగ్ 47.

లావు పెరిగితే ఘాటు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. లావుది చల్లగా కాలుతుంది, సన్నది వేడిగా, కాపా రుచి ఎక్కువగా తెలిసేలా కాలుతుంది. నన్నడిగితే, ఈ మధ్య అందరూ లావు సిగార్ల వెంట పడటం వల్ల సన్నవాటి అందం మరుగున పడుతోంది.

మొదట ఏది రుచి చూడాలి?

ఘాటు తక్కువగా ఉండేది. హోయో దె మోంటెరే తేలిక, ఉప్‌మన్ కొంచెం ఎక్కువ, రోమియో ఇ జూలియెటా మధ్యస్థం, మోంటెక్రిస్టో, కొహీబా ఆపైన, పార్తగాస్, బొలీవార్ బాగా ఘాటు. నా సలహా ఎపిక్యూర్ నంబర్ 2. మొదటిసారే బొలీవార్ వెలిగించుకుంటే మీరు రాసుకునేది రుచి గురించి కాదు, కడుపులో తిప్పడం గురించి.

నకిలీ అని ఎలా గుర్తుపట్టాలి?

అంచనా వేయడం ఇక్కడే మొదలవుతుంది. నకిలీ సిగార్ తాగి క్యూబన్ రుచి ఇంతేనా అనుకునేవాళ్లు ఎంతోమంది.

పెట్టె చూడండి. ఎడమ పక్క ఆకుపచ్చ రంగు ప్రభుత్వ హామీ పత్రం అంటించి ఉంటుంది. 2010 నుంచి దాని మీద బార్‌కోడ్, హోలోగ్రామ్ ఉన్నాయి. ఆ నంబర్‌ని క్యూబన్ సిగార్లు అమ్మే హబానోస్ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. పై మూలన హబానోస్ అని రాసిన ఏటవాలు పట్టీ ఉంటుంది, అది 1994 నుంచి. పెట్టె అడుగున వేడి ముద్రతో కాల్చి రాసిన మూడు మాటలు: హబానోస్ ఎస్.ఎ., ఎచో ఎన్ కూబా, తోతాల్‌మెంతె ఆ మానో. చివరిది పూర్తిగా చేత్తో చేసిందని చెబుతుంది. వాటి పక్కనే సిరాతో ఫ్యాక్టరీ కోడ్, పెట్టె నింపిన నెల, సంవత్సరం. నెల స్పానిష్‌లో ఉంటుంది కాబట్టి జనవరి అంటే ఎనె, ఆగస్టు అంటే ఆగో.

పెట్టె మూత అద్దంతో ఉండి, లోపల కొహీబాలు కనిపిస్తుంటే ఇక చూడాల్సింది ఏమీ లేదు, అది నకిలీ. హవానా వీధుల్లో 'మా అన్న ఫ్యాక్టరీలో చేస్తాడు' అంటూ సగం ధరకి అమ్మేవాళ్ల దగ్గరా అంతే. పెట్టెలో సిగార్లన్నీ రంగులో దగ్గరగా ఉండాలి, ముదురు రంగు నుంచి లేత రంగుకి వరసగా పేర్చి ఉండాలి, బ్యాండ్లన్నీ, అంటే సిగార్ చుట్టూ ఉండే పేరు పట్టీలన్నీ, ఒకే ఎత్తులో ఒకేవైపు తిరిగి ఉండాలి. ఫ్యాక్టరీలో రంగులు వేరుచేయడమే ఒక మనిషి పని, వాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

విడిగా ఒక్క సిగార్ చేతికొస్తే ఇవేవీ చూడలేం. అప్పుడు తల వైపు చూడండి. మంచి క్యూబన్ సిగార్ తల మీద పల్చటి ఆకు మూడు చుట్లుగా వచ్చిన గీతలు కనిపిస్తాయి. కాలే కొన వైపు చూస్తే మడతలు పెట్టిన పొడవాటి ఆకులు కనిపించాలి, తరిగిన పొడి కాదు. వీటితోనే అసలుదని తేల్చలేం, కానీ ఇవి లేకపోతే అనుమానించాలి. అన్నిటికన్నా మేలు, అధీకృత దుకాణంలో కొనడం. లా కాసా దెల్ హబానో పేరున్న షాపులు చాలా దేశాల్లో ఉన్నాయి. భారత్‌లో చట్టబద్ధంగా అమ్మే పెట్టె మీద మన పొగాకు చట్టం ప్రకారం బొమ్మ హెచ్చరిక ఉండాలి. అది లేకపోతే దొడ్డిదారిన వచ్చిన సరుకే.

తెచ్చిన రోజే వెలిగించవచ్చా?

వద్దు. విమానంలో, సూట్‌కేసులో, కారు డిక్కీలో తిరిగిన సిగార్ తేమ కోల్పోయో ఎక్కువ పట్టో ఉంటుంది. రెండు మూడు వారాలు స్థిరమైన తేమలో ఉంచండి. 65 నుంచి 70 శాతం తేమ, 16 నుంచి 18 డిగ్రీల వేడి ఉంటే మంచిదని చెబుతారు. మన ఇళ్లలో ఆ చల్లదనం కుదరదు, మే నెలలో అసలే కుదరదు. ఏసీ గదిలో, గాలి చొరబడని డబ్బాలో, తేమని 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ వేసి పెడితే సరిపోతుంది. హైదరాబాద్ ఎండాకాలం పొడిగా ఉంటుంది, విశాఖలో ఉక్కపోత. రెండు చోట్లా మూత గట్టిగా పడే డబ్బానే ఖరీదైన చెక్క పెట్టె కన్నా బాగా పనిచేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆకు ఎండిపోతుంది, పక్కనున్న పప్పుచారు వాసన కూడా పడుతుంది.

సిగార్‌కి చిన్న గుండ్రటి రంధ్రం పడింది. ఎందుకు?

పొగాకు పురుగు. గుడ్లు ఆకులోనే ఉంటాయి, వేడి పెరిగితే పొదుగుతాయి. 24 డిగ్రీలు దాటిన గదిలో వారాల తరబడి ఉంచితే ఈ ప్రమాదం ఉంది. రంధ్రం పడినదాన్ని వెంటనే వేరు చేయండి, మిగతావి కవర్లో గట్టిగా కట్టి కొద్ది రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీసేటప్పుడు ముందు మామూలు ఫ్రిజ్‌లోకి, తర్వాత గదిలోకి మార్చండి. పైన కనిపించే తెల్లటి నూగు వేరే సంగతి. అది మంచి సిగార్‌కి పట్టే పూత అని చాలాకాలం చెప్పుకున్నారు. నూలులా లేచి, ఆకుపచ్చ నీలం రంగు కలిసి ఉంటే మాత్రం అది బూజే, పారేయండి.

వెలిగించక ముందు ఏం గమనించాలి?

ముందు కళ్లతో. కాపా నున్నగా, కొద్దిగా నూనె మెరుపుతో ఉండాలి. ఈనెలు ఉబ్బి ఉంటే అందం తగ్గుతుంది కానీ రుచికి నష్టం లేదు. పగుళ్లు మాత్రం లోపమే.

తర్వాత వేళ్లతో. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి తల నుంచి కొన దాకా మెల్లగా నొక్కుతూ రండి. ఒకచోట రాయిలా గట్టిగా ఉంటే అక్కడ గాలి ఆడదు. ఒకచోట గుల్లగా ఉంటే అక్కడ వేడెక్కి తొందరగా కాలిపోతుంది. చెవి దగ్గర పెట్టి నలిపి గలగల వినే అలవాటు కొందరికి ఉంది. దాంతో ఆకు చిట్లడం తప్ప ఏమీ తెలియదు.

ఆపైన వాసన. కాపా వాసన ఒకటి, కొన దగ్గర వాసన ఇంకొకటి. కొన దగ్గర ఎండుగడ్డి, దేవదారు చెక్క, పశువుల కొట్టం, కోకో లాంటివి తగులుతాయి. అమ్మోనియా ఘాటు కొడితే ఆ సిగార్ ఇంకా పచ్చిదే, కొన్ని నెలలు పక్కన పెట్టండి.

కట్ చేశాక, వెలిగించకుండా ఒకసారి గాలి లాగి చూడండి. పండ్లరసం స్ట్రాతో తాగినంత తేలికగా వస్తే మరీ వదులు. బుగ్గలు లోపలికి పోయేలా లాగాల్సి వస్తే బిగుతు. రెండిటికీ మధ్య ఉండాలి. ఆ చల్లటి గాలిలోనే కొంత రుచి తెలుస్తుంది. దాన్ని రాసుకోండి, తర్వాత పోల్చడానికి పనికొస్తుంది.

ఎంత కట్ చేయాలి?

తల మీద అతికించిన టోపీ ఆకు గీతకి పైన, 2 మి.మీ. చాలు. గీత దాటి కోస్తే కాపా ఊడిపోవడం మొదలవుతుంది. పదునైన రెండు బ్లేడ్ల కట్టర్ వాడండి. పంటితో కొరికే పద్ధతి సినిమాల్లోనే వదిలేయండి.

వెలిగించడానికి అగ్గిపుల్ల మంచిదా, లైటరా?

గ్యాస్ లైటర్ లేదా పొడవాటి అగ్గిపుల్ల, రెండూ మంచివే. అగ్గిపుల్లైతే గంధకం కాలిపోయేదాకా ఆగాలి. పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, వాటి వాసన మొదటి భాగం మొత్తాన్ని పాడుచేస్తుంది. మంట సిగార్‌ని తాకకూడదు. కాస్త దూరంగా పట్టి, సిగార్‌ని తిప్పుతూ కొన అంతా సమంగా ఎర్రబడనివ్వండి. తర్వాత నోట్లో పెట్టుకుని మెల్లగా లాగండి. కొన వైపు ఊది చూస్తే ఎక్కడ అంటుకోలేదో కనిపిస్తుంది. ఇక్కడ ఒక నిమిషం ఓపిక పడితే ముప్పావు గంట సమస్య ఉండదు.

పొగ లోపలికి పీల్చాలా?

పీల్చకూడదు. సిగరెట్ పొగ కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, అందులోని నికోటిన్ ఒంట్లోకి వెళ్లాలంటే ఊపిరితిత్తులు కావాలి. మాగబెట్టిన సిగార్ ఆకు పొగ క్షార గుణంతో ఉంటుంది, నోటి పొర నుంచే నికోటిన్ రక్తంలోకి వెళ్లిపోతుంది. సిగరెట్ అలవాటున్నవాళ్లు మర్చిపోయి పీల్చి దగ్గుతో అల్లాడిపోతారు. పొగని నోట్లో రెండు మూడు క్షణాలు తిప్పి వదిలేయండి.

ముక్కుతో వదలడం అంటే ఏమిటి? అది అవసరమా?

రుచి అంచనా వేయాలనుకుంటే అవసరం. నాలుకకి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొన్నే తెలుస్తాయి. మిరియమో లవంగమో, కాఫీయో కోకోనో చెప్పేది ముక్కు. నోట్లో ఉన్న పొగలో చాలా భాగం బయటికి వదిలేసి, మిగిలిన కొంచెం పొగని గొంతు వెనక నుంచి ముక్కులోకి తోయండి. గొంతులోకి దించకూడదు. మొదట్లో కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ప్రతి దమ్ముకీ అక్కర్లేదు, ఒక్కో భాగంలో రెండు మూడుసార్లు చేస్తే చాలు.

ఎంత నెమ్మదిగా తాగాలి?

నిమిషానికి ఒక దమ్ము. అంతకన్నా తొందరగా లాగితే నిప్పు వేడెక్కి, ఆకులోని నూనెలు మాడి, తారు చేదు వస్తుంది. చాలామంది సిగార్ చేదుగా ఉందని చెప్పేది నిజానికి వాళ్ల తొందర గురించే. చేతిలో సిగార్ వేడిగా తగిలితే ఓ రెండు నిమిషాలు ఆష్‌ట్రేలో పెట్టేయండి. రోబుస్తోకి 45 నిమిషాల నుంచి గంట పడుతుంది, చర్చిల్‌కి గంటన్నర దాకా. అంత సమయం లేని రోజున వెలిగించవద్దు.

మూడు భాగాలుగా చూడమంటారు. ఒక్కో భాగంలో ఏం వెతకాలి?

మంచి క్యూబన్ సిగార్ మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు. ముందు కాలిన ఆకు పొగ, వెనకున్న ఆకుల గుండా వస్తూ వాటిలో తారు, తేమ, నూనెలు వదులుతుంది. అందుకే వెనక్కి వచ్చేకొద్దీ ఘాటు, రుచి చిక్కబడతాయి.

మొదటి భాగంలో తొలి ఐదు నిమిషాలను పట్టించుకోకండి, మంట రుచి ఇంకా ఉంటుంది. ఆ తర్వాత ఎండుగడ్డి, దేవదారు, తేనె, వేయించిన బాదం లాంటి తేలికైన రుచులు వస్తాయి. ఉప్‌మన్, హోయో సిగార్లు ఈ భాగంలోనే ఎక్కువ ఆనందం ఇస్తాయి.

రెండో భాగం అసలు పరీక్ష. సిగార్ మనసు విప్పేది ఇక్కడే. కాఫీ, కోకో, తోలు, తడిమట్టి రావాలి. రుచులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయా, లేక మొదటి భాగమే మళ్లీ నడుస్తోందా చూడండి. మోంటెక్రిస్టో నంబర్ 2 బాగా కుదిరినప్పుడు ఈ దశలో కోకో తీపి, మిరియం కారం ఒకే దమ్ములో వచ్చి, దేనికి అది విడిగా తెలుస్తుంది. దానికోసం ఎంతసేపైనా కూర్చోవాలనిపిస్తుంది నాకు.

మూడో భాగంలో ఘాటు పెరుగుతుంది, పార్తగాస్ అయితే బాగా పెరుగుతుంది. చేదు, వేడి రుచిని మింగేస్తున్నాయా, రుచి వాటికి నిలబడిందా అన్నదే ప్రశ్న. నిలబడితే ఎక్కువ మార్కులివ్వండి. మింగేస్తే అక్కడే ఆపేయండి. వేళ్లు కాలేదాకా తాగితేనే డబ్బులు గిట్టినట్టని ఎవరూ అనలేదు.

నాకు పొగ రుచి తప్ప ఏమీ తెలియడం లేదు. లోపం నాదా?

లోపం కాదు, అలవాటు లేకపోవడం. ఇంకో కారణం, మీరు చదివిన వర్ణనలన్నీ వేరే ఊళ్లవాళ్లు రాసినవి. వాళ్లు చెప్పే పండ్లు, గింజలు మీరు ఎన్నడూ నోట్లో పెట్టుకోకపోతే వాటి పేర్లు మీకు ఎలా తడతాయి? మీకు తెలిసినవాటితో మొదలుపెట్టండి. ఫిల్టర్ కాఫీ డికాక్షన్, వేయించిన వేరుశనగ పప్పు పొట్టు, నల్ల బెల్లం, మిరియాలు, జాజికాయ, కొత్త చెప్పుల తోలు, తొలకరికి తడిసిన మట్టి, ఎండిన వరిగడ్డి. క్యూబన్ ఆకులో వీటిలో చాలా ఉన్నాయి. కొంచెం ఉప్పు, కొంచెం పులుపు కలిసిన ఒక మట్టి రుచి నాలుక మీద మిగులుతుంది. క్యూబన్ ఆకుని ఇతర ఆకుల నుంచి వేరు చేసేది నాకైతే అదే.

ముందు కుటుంబం తేల్చండి: చెక్కా, మట్టా, మసాలానా, తీపా, గింజా? అది తేలాక లోపలికి వెళ్లండి. మసాలా అయితే మిరియమా, లవంగమా? ఏమీ తట్టకపోతే ఖాళీ వదిలేయండి. పక్కవాడు చెప్పిన మాట రాసుకోవడం కన్నా ఖాళీ కాగితమే నిజం.

ఘాటు, చిక్కదనం, రుచి వేర్వేరా?

వేర్వేరే. ఘాటు అంటే నికోటిన్ ఒంటికి చేసేది. చిక్కదనం అంటే పొగ నోట్లో ఎంత బరువుగా తగిలిందన్నది. రుచి మూడోది. ఘాటు లేకుండా రుచి నిండుగా ఉండే సిగార్లున్నాయి, ఘాటు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. మీ కాగితంలో మూడింటికీ మూడు గళ్లు పెట్టుకోండి.

ఒకవైపే కాలుతోంది, లేదా ఆరిపోయింది. ఏం చేయాలి?

కొద్దిగా వంకరైతే వదిలేయండి, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. వెనకబడిన వైపును కిందికి తిప్పి పట్టుకుంటే సాయపడుతుంది. మరీ వెనకబడితే అక్కడ మాత్రం లైటర్ చూపించండి. ఆరిపోతే బూడిద రాల్చి, లోపలి పాత పొగ పోయేలా మెల్లగా బయటికి ఊది, మళ్లీ వెలిగించండి. గంటలోపు అయితే పెద్దగా తేడా రాదు, రాత్రి వదిలేసి పొద్దున వెలిగిస్తే కంపే. ఒకసారి ఆరితే మార్కులు కోయకండి. పదేపదే ఆరితే అది చుట్టినవాళ్ల తప్పో, మీ డబ్బాలో ఎక్కువైన తేమో అయి ఉంటుంది.

బూడిద తెల్లగా ఉంటేనే మంచి సిగారా?

బూడిదకి ఏ రంగు వస్తుందన్నది నేలలోని ఖనిజాల మీద ఆధారపడుతుంది. తెలుపు, ముదురు రంగు రెండూ మంచివే. గట్టిగా, రెండు మూడు సెంటీమీటర్లు నిలబడితే లోపల పొడవాటి ఆకు ఉందని, చుట్టడం బాగుందని అర్థం. ఆపైన నిలబెట్టే పోటీలొద్దు.

మార్కులు ఎలా వేయాలి?

వందకి మార్కులు వేసే పద్ధతి అమెరికన్ సిగార్ పత్రికల వల్ల 1990ల నుంచి వ్యాపించింది. క్యూబా ఫ్యాక్టరీల్లో రుచి చూసే నిపుణులు, కతదోర్లు అంటారు, ఆ రోజు చుట్టినవాటిలో కొన్ని తీసి, గాలి ఆడటం, కాలడం, వాసన, రుచి, ఘాటు విడివిడిగా తూస్తారు. ఈ రెండో దారే ఇంట్లో చేసేవాళ్లకి పనికొస్తుంది.

నేను వాడే లెక్క ఇది: చూపు, చుట్టిన తీరుకి 15. గాలి ఆడటం, సమంగా కాలడం కలిపి 25. రుచికి 40. చివరి భాగం, నోట్లో మిగిలిన రుచికి 20. రుచికి ఎక్కువ ఇచ్చాను, ఎందుకంటే అందంగా ఉండి చప్పగా కాలే సిగార్‌ని రెండోసారి ఎవరూ కొనరు. గాలి ఆడటానికి 25 ఎందుకంటే, బిగుసుకున్న సిగార్‌లో ఎంత గొప్ప ఆకున్నా మీ నోటిదాకా రాదు.

ఒక్క సిగార్‌తో ఒక పేరు మీద తీర్పు చెప్పకండి. చేత్తో చేసిన వస్తువు, పెట్టె పెట్టెకీ మారుతుంది. ఒకే పెట్టెలోవి కనీసం మూడు, వేర్వేరు రోజుల్లో, దాదాపు ఒకే వేళకి చూసి సగటు వేయండి. భోజనం తర్వాత ఒకటి, ఖాళీ కడుపున ఒకటి చూస్తే ఆ మార్కులకి అర్థం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాండ్లు స్నేహితుడి చేత తీయించి, నంబర్లు పెట్టించి, ఏది ఏదో తెలియకుండా రుచి చూడండి. ఇలా చూసినప్పుడు మోంటెక్రిస్టో నంబర్ 4 లాంటి మామూలు ధర సిగార్ ఎన్నో రెట్లు ఖరీదైనదాన్ని దాటిపోవడం అరుదేమీ కాదు.

బ్యాండ్ ఎప్పుడు తీయాలి?

మార్కుల కోసం కాకుండా ఊరికే తాగేటప్పుడు మీ ఇష్టం. తీయాలనుకుంటే ఓ పది నిమిషాలు కాలనివ్వండి, వేడికి జిగురు వదులవుతుంది. ముందే లాగితే కాపా చిరగొచ్చు.

పక్కన ఏం తాగాలి?

అంచనా వేసేటప్పుడు మంచినీళ్లు, లేదా చక్కెర లేని పల్చటి టీ. మామూలు రోజుల్లో అయితే కాఫీతో బాగా కలుస్తుంది, మన ఫిల్టర్ కాఫీతో ఇంకా బాగా. ఆవకాయ అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు.

దాచిపెడితే రుచి పెరుగుతుందా?

ఘాటైనవాటికి పెరుగుతుంది. బొలీవార్, పార్తగాస్ మూడు నాలుగేళ్లకి మెత్తబడి, రుచులు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. తేలికైనవి మరీ ఎక్కువకాలం ఉంచితే ఉన్న వాసన కూడా పోతుంది. పెట్టె అడుగున తేదీ ముద్ర పనికొచ్చేది ఇందుకే. కొత్త పెట్టె నచ్చకపోతే ఒక ఏడాది ఆగి మళ్లీ చూడండి.

ధరలు ఇంత పెరిగాయేం?

2022లో కొహీబా, ట్రినిడాడ్ సిగార్ల ధరలను ప్రపంచమంతా దాదాపు ఒకే స్థాయికి తెచ్చి బాగా పెంచారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇయాన్ తుపాను పినార్ దెల్ రియోని తాకి, ఆకు ఆరబెట్టే ఇళ్లలో చాలా వాటిని నేలమట్టం చేసింది. సరుకు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ. కొహీబా కొహీబానే అన్న మోజు వదులుకుంటే ఉప్‌మన్, రామోన్ అయోనెస్, పార్తగాస్‌లలో అంతే సంతోషం తక్కువ ధరకి దొరుకుతుంది.

తల తిరుగుతోంది, వికారంగా ఉంది. ఏం చేయాలి?

నికోటిన్ ఎక్కువైంది. సిగార్ పక్కన పెట్టి, కూర్చుని, నీళ్లు తాగి, ఏదైనా తీపి తినండి. ఖాళీ కడుపుతో ఎప్పుడూ వెలిగించకండి. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

లోపలికి పీల్చం కదా, ఆరోగ్యానికి ఫర్వాలేదా?

ఫర్వాలేదు అనలేం. పీల్చకపోయినా నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండొచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో అడ్డపొగ, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట, తాగే ఆడవాళ్లకి అంగిలి క్యాన్సర్ రావడాన్ని మన డాక్టర్లు దశాబ్దాలుగా చూస్తున్నారు. ఆకు ఖరీదైనదని ఒళ్లు ఊరుకోదు. గర్భిణులు, పిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉన్నచోట వెలిగించనే వద్దు. నోట్లో తెల్లమచ్చ, మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకండి.

విదేశం నుంచి తెచ్చుకోవచ్చా?

భారత్‌కి వచ్చేవాళ్లకి 2016 బ్యాగేజ్ నిబంధనలు సుంకం లేకుండా 25 సిగార్ల దాకా అనుమతి ఇచ్చాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు కస్టమ్స్ వెబ్‌సైట్ చూసుకోండి, బిల్లు దగ్గర పెట్టుకోండి. సింగపూర్‌లో పొగాకుకి సుంకం మినహాయింపు అసలు లేదు, ఒక్కటి ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. అమెరికా 2016లో సొంత వాడకానికి తెచ్చుకోవచ్చని సడలించి, 2020 సెప్టెంబరులో మళ్లీ ఆపేసింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు డ్యూటీ ఫ్రీలో పెట్టె కొనేముందు ఇది గుర్తుంచుకోవాలి.